ఒక్క పుల్కా తింటున్నా మిషన్ మీద అంకె కదలడం లేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 39. ఎత్తు 157 సెంటీమీటర్లు. ఇద్దరు పిల్లలు. ఇంటి నుంచే ఉద్యోగం. అమెరికా వాళ్లతో కాల్స్ ఉంటాయి కాబట్టి పడుకునేసరికి రాత్రి ఒంటిగంట, పిల్లల బాక్సుల కోసం పొద్దున్నే ఐదున్నరకు లేవాలి. డైట్ మొదలుపెట్టినప్పుడు 76 కిలోలు ఉన్నాను. నాలుగు నెలల్లో 68కి వచ్చాను. ఆ తర్వాత ఏడు వారాలుగా అంకె అక్కడే ఆగిపోయింది. తినేది రోజుకు వెయ్యి కేలరీలే. లేవగానే థైరాయిడ్ మాత్ర, జీలకర్ర నీళ్లు, కాఫీ. తర్వాత రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం కూరతో ఒక పుల్కా. రాత్రి పండ్లు. శనివారం ఒక్కపొద్దు. నూనె కూడా నెలకు ఏడు లీటర్ల నుంచి ఐదు లీటర్ల క్యానుకు తగ్గించాను. మా వారు ఆర్టీసీ డిపోలో మెకానిక్, మూడు పూటలా కంచం నిండా తిన్నా 70 కిలోలు దాటరు. ఈ మధ్య జుట్టు ఊడుతోంది, ఊరికే చలేస్తోంది. ఒక డైట్ సెంటర్‌కి వెళ్తే మిషన్ మీద నిలబెట్టి, మీ మెటబాలిజం వయసు 54 అని చెప్పి, దాన్ని పెంచే పౌడరు 4,500 రూపాయలకు ఇచ్చారు. నిజంగా నా మెటబాలిజం పాడైపోయిందా? థైరాయిడ్ రెండు నెలల కిందట చూపిస్తే టీఎస్‌హెచ్ 2.6 వచ్చింది.
- ఒక సోదరి, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందు మీ అంకెలతోనే ఒక లెక్క వేద్దాం. పౌడరు సంగతి తర్వాత.

ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు లోటు పడాలి. మీరు 8 కిలోలు తగ్గారు, అంటే 61,600. నాలుగు నెలలకు పంచితే రోజుకు 510 చొప్పున లోటు. 76 కిలోల బరువుతో, మీ ఎత్తుకూ వయసుకూ, కూర్చుని చేసే ఉద్యోగానికీ రోజు మొత్తం ఖర్చు 1,900 కేలరీల దాకా ఉంటుంది. అందులోంచి 510 తీసేస్తే మిగిలేది 1,400. ఆ నాలుగు నెలలూ మీరు తిన్నది అదన్నమాట. నిజంగా వెయ్యే తిని ఉంటే 14 కిలోలు తగ్గేవారు. ఈ సూత్రాలు మనిషిని బట్టి పది శాతం అటూ ఇటూ అవుతాయి, ఒప్పుకుంటాను. కానీ వెయ్యికీ పద్నాలుగు వందలకూ ఉన్న తేడా పది శాతం కాదు.

నొచ్చుకోకండి, మీరు అబద్ధం రాశారని అనడం లేదు. 1992లో న్యూయార్క్‌లో అచ్చం మీలాంటి ఫిర్యాదుతో వచ్చిన పదిమందిని పరీక్షించారు. రోజుకు 1,200 కేలరీల లోపే తింటున్నాం, అయినా తగ్గడం లేదు, మా ఒంట్లోనే ఏదో తేడా ఉంది అన్నవాళ్లు వాళ్లు. తీరా కొలిస్తే వాళ్ల మెటబాలిజం మామూలుగానే ఉంది. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువ చేసి రాశారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువ చేసి రాశారు. కావాలని కాదు. మనకు పుల్కా గుర్తుంటుంది, దాని పక్కన కూరలో తేలిన నూనె గుర్తుండదు. స్కూలు బాక్సులో పిల్లాడు వదిలేసిన సగం పరోటా, "పారేయడం ఎందుకులే" అని నోట్లో వేసుకున్నది, ఏ యాప్‌లోకీ ఎక్కదు. నేనూ తక్కువదాన్ని కాను. వంటింట్లో ఉప్పు చూడటం పేరుతో నేను తినే పకోడీలు నా లెక్కలో ఎప్పుడూ ఉండవు.

కాబట్టి మొదటి మాట: మీ మెటబాలిజం పాడవలేదు. పాడైతే ఆ 8 కిలోలు తగ్గేవి కావు.

మరి ఏడు వారాలుగా ఎందుకు ఆగింది? దానికి ఈ మెటబాలిజం అనేది ఏమిటో కాస్త తెలియాలి. ఒంట్లో జరిగే రసాయన పనులన్నిటికీ కలిపి ఆ పేరు. బరువు విషయంలో మాత్రం మనకు కావలసింది ఖర్చు పద్దు. ఉగాది నాడు పంచాంగం విప్పి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని చూసుకుంటాం కదా, ఆ వ్యయం అన్నమాట. ఇందులో మూడింట రెండు వంతులు ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా అయిపోయేదే. గుండె, కాలేయం, మూత్రపిండాలు, మెదడు వాటి పాటికి అవి పని చేసుకుంటూ ఖర్చు రాస్తుంటాయి. మెదడు ఒక్కటే అందులో అయిదో వంతు తినేస్తుంది. తిన్నది అరిగించుకోవడానికి ఓ పది శాతం పోతుంది. మిగిలింది కదలికలు. వ్యాయామమే కాదు, లేవడం, కూర్చోవడం, బట్టలు ఆరేయడం, ఫోన్ మాట్లాడుతూ తిరగడం, కాలు ఊపడం, అన్నీ.

ఇప్పుడు మీ పద్దు చూడండి. 76 కిలోల మనిషిని మోయడానికి అయ్యే ఖర్చు 68 కిలోలకు అవ్వదు. ఎనిమిది కిలోలు దించుకున్నందుకే రోజుకు వంద పైచిలుకు కేలరీల ఖర్చు తగ్గిపోయింది. ఇది జబ్బు కాదు, చిన్న ఇంటికి కరెంటు బిల్లు తక్కువ వచ్చినట్టే. దానికి తోడు ఒళ్లు కూడా పొదుపు మొదలుపెడుతుంది. ఇంట్లో జీతం తగ్గితే ఇల్లాలు ఎవరూ చెప్పకుండానే పాలప్యాకెట్టు ఒకటి తగ్గించినట్టు, ఒళ్లు మరో యాభయ్యో వందో కోస్తుంది. మూడోది మీకు తెలియకుండా జరిగేది. తిండి తగ్గాక కదలిక తగ్గుతుంది. ఇదివరకు మేడ మీదికి రెండుసార్లు వెళ్లేవారు ఒకసారే వెళ్తారు. నీళ్ల గ్లాసు కోసం లేవకుండా "చిన్నీ, కాస్త నీళ్లు తేమ్మా" అంటారు. అక్కడ ఇంకో వంద. వెరసి 500 ఉన్న లోటు రెండు వందలకు వచ్చింది. ఆ రెండు వందలు పూడ్చడానికి ఎంత కావాలి? పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. ఓ కప్పు పాల టీ, చక్కెరతో. అయిపోయింది.

ఒంట్లో నీరు కూడా అంకెను దాచేస్తుంది. నిన్న ఆవకాయ ఎక్కువైనా, నెలసరి దగ్గర పడినా కిలో కిలోన్నర పైకి చూపిస్తుంది, లోపల కొవ్వు తగ్గుతున్నా సరే. రోజూ పొద్దున్నే మిషన్ ఎక్కి ఏడవకండి. వారంలో మూడు రోజులు చూసి సగటు రాసుకోండి, నెలకోసారి నడుము టేపుతో కొలవండి.

మీ వారి విషయం. ఎత్తు మీరు రాయలేదు, నేనే 175 అనుకుంటున్నాను. ఆ ఎత్తుకు, 70 కిలోలకు, మగ శరీరానికి ఊరికే పడుకున్నా మీకంటే రోజుకు 250 నుంచి 300 కేలరీలు ఎక్కువ ఖర్చవుతాయి. కండ ఎక్కువ, అంతే. ఆ పైన డిపోలో బస్సు కిందికి దూరడం, లేవడం, స్పానరు పట్టుకుని రోజంతా నిలబడటం. మీరేమో లాప్‌టాప్ ముందు. ఆయన కంచం చూసి మీ కంచానికి న్యాయం అడగకండి, ఆయన ఖర్చు వేరు. ఈ చిల్లర కదలికలు మనుషుల మధ్య ఎంత తేడా తెస్తాయో 1999లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు చూశారు. పదహారు మందికి ఎనిమిది వారాలపాటు రోజూ వెయ్యి కేలరీలు అదనంగా పెట్టారు. అందరూ తిన్న అదనం ఒక్కటే. ఒకరికి పట్టుమని అరకిలో కొవ్వు కూడా చేరలేదు, ఇంకొకరికి నాలుగు కిలోలు దాటింది. చేరనివాళ్లు జిమ్‌కు పోలేదు. తెలియకుండానే ఎక్కువ కదిలారు. ఒక మనిషికైతే ఈ కదలికల ఖర్చే రోజుకు 690 కేలరీలు పెరిగింది. "వాడికి తిన్నది ఒంటికి పట్టదు" అని మన ఇళ్లలో అంటారే, ఆ పట్టకపోవడం చాలావరకు ఇదే.

ముప్పై దాటగానే మెటబాలిజం పడిపోతుందని మీ డైట్ సెంటర్ వాళ్లు అని ఉంటారు. అందరూ అంటారు. 2021లో 29 దేశాల నుంచి 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసిబిడ్డ నుంచి 95 ఏళ్ల వాళ్ల దాకా కొలతలు పోగేసి చూస్తే, బరువును, కండను లెక్కలోకి తీసుకున్నాక 20 నుంచి 60 ఏళ్ల వరకు ఖర్చు దాదాపు నిలకడగానే ఉంది. తగ్గడం అరవై తర్వాతే మొదలైంది, అదీ ఏడాదికి ఒక శాతం లోపు. కాబట్టి 39లో మీకు 54 ఏళ్ల మెటబాలిజం అన్న మాటకు అర్థమే లేదు. ఆ మిషన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, కొవ్వెంత కండెంత అని అంచనా కట్టి, ఆ అంచనాను ఒక సూత్రంలో పెట్టి వయసు అంకె చూపిస్తుంది. నిజంగా మెటబాలిజం కొలవాలంటే పొద్దున్నే పరగడుపున పడుకోబెట్టి, ముఖానికి గొట్టమో కప్పో పెట్టి, పీల్చిన ఆక్సిజన్, వదిలిన బొగ్గుపులుసు వాయువు లెక్క చూడాలి. చెప్పులు విప్పి ఎక్కి దిగితే తేలేది కాదు.

ఇక జుట్టు, చలి. ఇక్కడ నాకు కాస్త బెంగగా ఉంది. మీరు రాసిన తిండిలో కేలరీలు తక్కువో ఎక్కువో గానీ, మాంసకృత్తులు మాత్రం కచ్చితంగా తక్కువ. ఇడ్లీ, పుల్కా, పండ్లు. రోజు మొత్తానికి పాతిక గ్రాములు దాటితే గొప్ప. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకు 0.83 గ్రాములు. మీకైతే 56 గ్రాములు. బరువు తగ్గే సమయంలో 70 దాకా వెళ్లినా మంచిదే, మూత్రపిండాల జబ్బు లేకపోతే. అది లేకుండా తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, జుట్టు రాలుతుంది. రక్తహీనతా చలికి కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది) చూపించండి. ఎనిమిది కిలోలు తగ్గారు కాబట్టి టీఎస్‌హెచ్ కూడా మళ్లీ చూపించి, మాత్ర డోసు సంగతి డాక్టరుగారితో మాట్లాడండి. నెలసరి తప్పుతుంటే అదీ చెప్పండి.

తక్కువ తినడానికి ఒక హద్దుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు 24 వారాలు దాదాపు సగం తిండి పెట్టి చూశారు. బక్కచిక్కిన ఆ మనుషుల విశ్రాంతి ఖర్చు 40 శాతం దాకా పడిపోయింది. ఎండాకాలంలోనూ చలి అనేవారు, మెట్లెక్కాలంటే బద్ధకించేవారు. 2016లో వచ్చిన మరో పరిశీలన చూడండి. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత కొలిస్తే, ఉండాల్సిన దానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చవుతోంది. మీరు అంత దూరం వెళ్లలేదు. కానీ అంకె కదలడం లేదని ఆ ఒక్క పుల్కా కూడా మానేస్తే అటువైపే నడుస్తారు. అది వద్దు.

చేయాల్సింది చెబుతాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి.

నూనె నుంచి మొదలుపెట్టండి. ఐదు లీటర్లు అంటే 4,600 గ్రాములు. నలుగురు, ముప్ఫై రోజులు. మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు. మీరు వెయ్యి కేలరీలు అన్నదాంట్లో మూడో వంతు ఆ క్యానులోంచే వస్తోంది. పోషకాహార సంస్థ రెండు వేల కేలరీల కంచానికి చెప్పిన నూనె 27 గ్రాములు. రేపు ఆదివారం పొద్దున ఇలా చేయండి. వారానికి సరిపడా నూనె, నలుగురికి ముప్పావు లీటరు, కొలిచి ఒక సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టుకోండి. క్యాను అటక మీదికి. పోపుకు గరిటె వంచకుండా టీ చెంచాతో వేయండి. బుధవారానికే సీసా అడుగు కనిపిస్తే తెలిసిపోతుంది. వంకాయ వేపుడు తగ్గి పులుసు ఎక్కువవుతుంది, ఇంట్లోవాళ్లు గొణుగుతారు, ఓ నెల ఓర్చుకోండి.

శనివారం ఒక్కపొద్దు మంచి అలవాటే. కానీ మన ఒక్కపొద్దు ఎలా ఉంటుందో మనకు తెలియదా? రాత్రి అన్నం ముట్టరు, నిజమే. దాని బదులు నాలుగు పూరీలో, నెయ్యి వేసిన రవ్వ ఉప్మానో, అరటిపండు, గ్లాసుడు పాలు. అన్నం తిన్నా ఇంతకంటే తక్కువే అయ్యేది. భక్తికి అడ్డు చెప్పను, ఆ పూట పెసరట్టు వేసుకోండి. అరవై గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వస్తే 14 గ్రాముల మాంసకృత్తులు.

మిగతా రోజుల్లో కూడా అంతే. పొద్దున రెండు ఇడ్లీల పక్కన ఒక గుడ్డు, లేదా ఇడ్లీ మాని పెసరట్టు. మధ్యాహ్నం పుల్కాతో గిన్నెడు ముద్దపప్పు, కప్పు పెరుగు. రాత్రి పండ్లతో సరిపెట్టకుండా చేపో, కోడిమాంసమో, ఉలవచారో, మీల్‌మేకర్ కూరో, దాంతో కాస్త అన్నం. మాంసకృత్తులకు ఇంకో లాభం ఉంది. వాటిలో ఉన్న కేలరీల్లో 20 నుంచి 30 శాతం అరిగించుకోవడానికే పోతాయి. పిండిపదార్థాలకు 5 నుంచి 10, నూనెకు దాదాపు ఏమీ లేదు. ఆకలి కూడా త్వరగా వేయదు. రాత్రి పదకొండు గంటలకు కాల్ మధ్యలో మిక్చరు డబ్బా వైపు చెయ్యి వెళ్లదు. (ఆ డబ్బా మీ టేబులు మీద ఉందని మీరు రాయలేదు, నేనే ఊహించాను.)

కదలిక. ఇంటి నుంచి పని మొదలయ్యాక ఆఫీసు మెట్లు, బస్టాపు దాకా నడక పోయాయి. కాల్‌లో మీరు మాట్లాడాల్సింది లేనప్పుడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని వరండాలో తిరగండి. సాయంత్రం అరగంట గట్టిగా నడవండి. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి ముందుకు వంగి లేవడం, ఒక్కోటి పది పన్నెండు సార్లు, మూడు విడతలు. కండ పెంచితే కూర్చున్నా కొవ్వు కరిగిపోతుందని జిమ్ముల వాళ్లు అంటారు గానీ, కిలో కండ ఊరికే ఉన్నప్పుడు ఖర్చు చేసేది రోజుకు 13 కేలరీలే. మీరిది చేయాల్సింది ఉన్న కండ పోకుండా. బియ్యం బస్తా ఎత్తాల్సినప్పుడూ పనికొస్తుంది.

నిద్ర మీరు నాలుగున్నర గంటలే పోతున్నారు. డైట్ కంటే ముందు సరిచేయాల్సింది ఇదేనేమో. 2010లో పదిమందితో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఒకే తిండి, రెండు వారాలు. ఎనిమిదిన్నర గంటలు పడుకునే వీలిచ్చినప్పుడూ, ఐదున్నర గంటలే ఇచ్చినప్పుడూ తగ్గిన బరువు దాదాపు ఒకటే, మూడు కిలోలు. కానీ నిద్ర తగ్గినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోల నుంచి 0.6కు పడిపోయింది, మిగతాదంతా కండా నీరూ. బాక్సుల పని వారంలో మూడు రోజులు మీ వారికి అప్పజెప్పండి. మెకానిక్ చేతులకు ఉప్మా కలపడం లెక్క కాదు.

జీలకర్ర నీళ్లు దాహం తీరుస్తాయి. గ్రీన్ టీలో, కాఫీలో ఉండే కెఫీన్ కాసేపు మూడు నాలుగు శాతం ఖర్చు పెంచుతుంది, బరువు మీద దాని ఫలితం కంటికి కనిపించేంత ఉండదు. నిమ్మరసంలో పెద్ద చెంచా తేనె కలుపుకుంటే 60 కేలరీలు ఎక్కువ తాగినట్టు. ఆరుసార్లు కొంచెం కొంచెం తింటే మెటబాలిజం పరుగెడుతుందనేది కూడా ఉత్తదే. మొత్తం ఎంత తిన్నారన్నదే లెక్క. మీ పౌడరు డబ్బా వెనక ఏమేం కలిపారో రాసి ఉంటే చదివి పంపండి. కలిపినవి రాయకపోతే మాత్రం వాడకండి, ముఖ్యంగా థైరాయిడ్ మాత్ర వేసుకునే మీరు.

థైరాయిడ్ వల్లే లావు అనే మాట కూడా సగమే నిజం. అది బాగా తగ్గినవాళ్లలో కూడా పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి నాలుగున్నర కిలోలు, అందులో ఎక్కువ భాగం నీరూ ఉప్పే. మీ 2.6 బాగానే ఉంది. అయితే ఉత్తరంలో మాత్ర, జీలకర్ర నీళ్లు, కాఫీ ఒకే వాక్యంలో రాశారు. అలాగే తాగుతున్నారా? మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. జుట్టు కోసం ఐరన్ మాత్రలో, క్యాల్షియమో మొదలుపెడితే దానికీ దీనికీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. మీరు ఐదున్నరకు లేచి మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి, బాక్సులు కట్టేశాక తాగండి కాఫీ.